చదివి వినిపించాను, ఒప్పుకోలేదు

1971, వానలు మొదలైన నెల. ఖరగ్‌పూర్ రైల్వేలో వెల్ఫేర్ సెక్షన్ గుమాస్తాగా నాకు అది పద్దెనిమిదో ఏడు. జీతం గుమాస్తా పనికే ఇచ్చేవారు గానీ, ఊళ్లో నన్ను ఎరిగింది మాత్రం ఇంకో పనితో. నేను ఇంటర్‌ప్రెటర్‌ని, అంటే ఒకరి మాటను అక్కడికక్కడే ఇంకొకరి భాషలో నోటితో చెప్పేవాణ్ణి. వర్క్‌షాపులోనూ లైను మీదా పనిచేసేవాళ్లలో చాలామంది శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు. వాళ్లలో ఎవరి మీదైనా ఎంక్వయిరీ జరిగితే ఆఫీసరు ఇంగ్లీషులో అడిగేవాడు, పక్కన గుమాస్తా బెంగాలీలో గొణుక్కుంటూ రాసుకునేవాడు, ఖలాసీ తెలుగులో జవాబు చెప్పేవాడు. ఈ ముగ్గురి మధ్య స్టూలు వేసుకుని నేను కూర్చునేవాణ్ణి.

ఈ పని నాకు నేర్పింది మా చర్చి సంఘం. మా తెలుగు చర్చికి కలకత్తా నుంచి, ఒరిస్సా వైపు నుంచి ప్రసంగీకులు వచ్చేవారు. వాళ్లు ఒక వాక్యం చెప్పి ఆగితే పక్కన నిలబడినవాడు దాన్ని తెలుగులో చెప్పాలి. నాకు పదిహేడేళ్లప్పుడు పాస్టరుగారు నన్ను పుల్పిట్ పక్కన నిలబెట్టి చెప్పిన మాటలు ఇవి: "ఆయన 'నేను' అంటే నువ్వూ 'నేను' అనాలి. 'ఆయన అంటున్నారు' అని మధ్యలో నువ్వు దూరకూడదు. ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట మింగకూడదు. వినపడకపోతే సిగ్గుపడకుండా ఆపి అడుగు." దేవుని వాక్యం మన దాకా వచ్చిందే ఎవరో ఒకరు దాన్ని నమ్మకంగా మోసుకొచ్చి మన భాషలో పెట్టబట్టి. అందుకని ఆ పని నాకు ఎప్పుడూ చిన్నదిగా కనిపించలేదు. రైల్వే ఎంక్వయిరీ గదిలో కూర్చున్నా మనసులో ఒక చిన్న ప్రార్థన చేసుకునే నోరు విప్పేవాణ్ణి.

ఆ రోజుల్లో జిల్లాలో పేరున్న నాయకుడు ఒకాయన ఉండేవాడు. పేరు రాయను. అందరూ ఆయన్ను 'బొడ్‌దా' అనేవారు, పెద్దన్న అని. 1966లో ఆయన ప్రతిపక్షంలో ఉన్నాడు. బియ్యం కోసం ఊరేగింపు తీశాడని జైల్లో పెట్టారు. విడుదలైన వారానికి ట్రాఫిక్ సెటిల్‌మెంట్ అనే కాలనీలో, మా రైల్వే క్వార్టర్ల మధ్య ఉన్న మైదానంలో సభ పెట్టాడు. ఆయన బెంగాలీలో మాట్లాడతాడు, కింద కూర్చున్నవాళ్లలో ఆడవాళ్లూ ముసలివాళ్లూ తెలుగు తప్ప వేరే ఎరగరు. నన్ను పిలిచారు.

"నన్ను బల్లకు కట్టేశారు," అన్నాడు బొడ్‌దా. నన్ను బల్లకు కట్టేశారు, అన్నాను నేను తెలుగులో. "అరికాళ్ల మీద కర్రతో కొట్టారు. ఎన్ని దెబ్బలో లెక్క పెట్టాలనుకున్నాను, లెక్క తప్పింది." అదీ చెప్పాను. "ఒక మాట గుర్తుపెట్టుకోండి. కట్టేసి ఉన్న మనిషిని కొట్టడానికి ఏ కారణమూ చాలదు. ఎంత పెద్ద నేరమైనా చాలదు." ఆ మాట చెబుతూ చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నాను. మైదానంలో ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

మర్నాడు పొద్దున్నే మా వీధి చివర ఉండే అప్పలమ్మ ఇత్తడి గిన్నెలో కాచిన నువ్వుల నూనె పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది.

"కాళ్లు సాపు బాబూ. సచ్చినోళ్లు, ఎంత బాదినారు నిన్ను!"

"నన్ను కాదు అప్పలమ్మా, బొడ్‌దాను."

"నన్ను కొట్టినారని నువ్వే గదా మైకులో సెప్పినావు? నా సెవులతో ఇన్నాను."

"ఆయన మాట నేను తెలుగులో చెప్పాను, అంతే."

"మరి నువ్వెందుకు ఏడ్సినావు?"

లోపల నా భార్య సుగుణ నవ్వు ఆపుకోలేక, "పోనీ రాయించుకోండి, సైకిలు తొక్కి తొక్కి నొప్పులన్నారుగా," అంది. అప్పలమ్మ నా పాదాలకు నూనె రాసి గానీ వెళ్లలేదు. ఈ సంగతి సంఘంలో తెలిసి, కొన్ని నెలలు కనిపించినప్పుడల్లా 'కాళ్లు ఎలా ఉన్నాయి దానియేలుగారూ' అని అడిగి నవ్వుకున్నారు.

ఐదేళ్లు గడిచాయి. బొడ్‌దా అధికార పక్షంలోకి మారాడు. కలకత్తాలో ఆయన మాటకు విలువ పెరిగింది. ఇటు ఊళ్లో బాంబుల కాలం వచ్చింది. కాలేజీ పిల్లలు చదువు వదిలి మాయమవుతున్నారు, గోడల మీద రాత్రికి రాత్రి ఎర్ర అక్షరాలు పడుతున్నాయి. ప్రేమ్ బజార్ దారిలో పేలిన బాంబుకు ఒక రిక్షా మనిషి రెండు కళ్లూ పోయాయి. నా పిల్లలు ముగ్గురూ బడికి వెళ్లి వచ్చే దాకా సుగుణ గుమ్మం వదిలేది కాదు. భయం అబద్ధం కాదు. నాకూ ఉండేది.

అప్పుడే అదే మైదానంలో బొడ్‌దా మళ్లీ సభ పెట్టాడు. మళ్లీ నేనే పక్కన.

"బాంబు ఎక్కడ దాచారో తెలిసినవాడు నోరు తెరవకపోతే తెరిపించాలి," అన్నాడు. "మెత్తగా అడిగే రోజులు కావివి. పోలీసుల చేతులు కట్టేయమని నేను చెప్పను."

నేను మైకు నుంచి ఒక అడుగు వెనక్కి వేశాను. ఆయన నా వైపు తిరిగి, "బోలున్, దానియేల్ బాబు, బోలున్," అన్నాడు. చెప్పండి, చెప్పండి అని. చెప్పాను. ఒక్క మాట మింగకుండా, 'నేను' అంటూనే చెప్పాను. చప్పట్లు మోగాయి. అవి నా తెలుగుకు పడ్డ చప్పట్లు.

ఇంటికి వస్తే సుగుణ కంచం పెట్టి అడిగింది. "ఆ మాట అన్నది మీరేనా?"

"ఆయన అన్నాడు. నేను తర్జుమా చేశాను."

"అప్పలమ్మకు చెప్పినట్టు నాకు చెప్పకండి."

కంచం పక్కకు జరిపి లేచాను.

మూడు వారాలు తిరక్కుండానే పోలీసులు పైడిరాజును పట్టుకున్నారు. పైడిరాజు అప్పలమ్మ మనవడు. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే ఆవిడే పెంచింది. వర్క్‌షాపులో ఫిట్టరు. తాల్‌బగీచాలో రెండు గదుల ఇల్లు కట్టుకుని, ముందు గది ఇద్దరు కాలేజీ కుర్రాళ్లకు అద్దెకిచ్చాడు. ఆ గదిలో ట్రంకు పెట్టెలో మందుగుండు పొడి, జనపనార తాడు దొరికాయి. కుర్రాళ్లు అప్పటికే పరారీ. మధ్యాహ్నం సైరన్ కూసి జనం బయటికి వస్తుంటే వర్క్‌షాపు గేటు దగ్గర, చేతిలో టిఫిన్ క్యారియర్ ఉండగానే పైడిరాజును జీపు ఎక్కించారు.

తొమ్మిదో రోజు మా సెక్షన్‌కు కాగితం వచ్చింది, తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని. మా ఆఫీసరు మెమో ఇచ్చి నన్ను ఠాణాకు పంపాడు.

ఇన్‌స్పెక్టరు చదువుకున్న మనిషి. కుర్చీ చూపించి టీ తెప్పించాడు. ఇంగ్లీషులో టైపు చేసిన రెండు పేజీలు నా ముందుకు జరిపాడు. పైడిరాజు స్టేట్‌మెంటు. బాంబుల పనికని తెలిసే గది అద్దెకిచ్చానని, పొడి కలపడంలో తానూ చెయ్యి వేశానని, పైపు ముక్కలు వర్క్‌షాపు నుంచి తెచ్చానని. అడుగున వేలిముద్ర. దాని కింద ఇంటర్‌ప్రెటర్ సర్టిఫికెట్ అనే రెండు లైన్లు. ఇంగ్లీషు తెలియని మనిషి చేత ఇలాంటి కాగితం మీద సంతకమో ముద్రో వేయిస్తే, దాన్ని అతని భాషలో చదివి చెప్పినవాడు ఆ లైన్ల కింద సంతకం చేయాలి. 'పై సంగతులు తెలుగులో చదివి వినిపించాను, సరిగా ఉన్నాయని ఒప్పుకున్నాడు' అని వాటి అర్థం.

"ఇక్కడ ఒక సంతకం," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మనిషి ఏడీ?"

"మనిషి ఎందుకు? ముద్ర వేశాడుగా."

నేను ఆ ముద్ర వైపే చూస్తున్నాను. పైడిరాజు మా చర్చి సాయంకాలం బడిలో నా దగ్గరే అక్షరాలు నేర్చుకున్నాడు. జీతాల రిజిస్టరులో గుండ్రంగా తన పేరు తెలుగులో రాసుకునేవాడు. "ఇతనికి సంతకం వచ్చు సార్," అన్నాను.

"చేతికి చిన్న దెబ్బ తగిలింది."

పోలీసుల ముందు చెప్పింది కోర్టులో సాక్ష్యంగా నిలవదని నాకు తెలుసు. కానీ ఆ రోజుల్లో విచారణ లేకుండానే మనిషిని నెలల తరబడి లోపల ఉంచే డిటెన్షన్ ఆర్డర్ ఉండేది. దానికి జత చేయడానికి ఈ రెండు పేజీలు చాలు. ఆర్డరు పడితే ఉద్యోగం పోతుంది, ఆ ముసలావిడ వీధిన పడుతుంది, పైడిరాజు ఎప్పుడు బయటికి వస్తాడో అతన్ని లోపల పెట్టినవాళ్లకే తెలియదు. ఇదంతా నా సంతకం కోసం ఆగి ఉంది.

నేను ధైర్యవంతుణ్ణని చెప్పుకోను. నేనుండేది రైల్వే క్వార్టర్లో. ముగ్గురు పిల్లలు. బాంబులవాళ్ల సానుభూతిపరుడు అన్న ఒక్క మాట చాలు ఆ రోజుల్లో మనిషి మాయం కావడానికి. టీ గ్లాసు పట్టుకుని కళ్లు మూసుకున్నాను. పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం చెప్పవద్దన్న ఆజ్ఞను ఆదివారం బడిలో ఎంతమంది పిల్లలకు కంఠస్థం చేయించానో గుర్తొచ్చింది. ప్రభువా, నాకు మాటలివ్వకపోయినా ఫరవాలేదు, నా చేతిని మాత్రం పట్టుకో, అనుకున్నాను.

"సార్, చదివి వినిపించకుండా చదివి వినిపించానని రాయలేను. పిలిపించండి. చదువుతాను. పావుగంట పని."

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "సరే. నీ తృప్తి కోసం."

పైడిరాజును తీసుకొచ్చారు. గోడ పట్టుకుని నడిచాడు. చేతులు గంఛాలో, అదే తువ్వాలులో, చుట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి కళ్లు దించుకున్నాడు. నేను మొదటి లైను నుంచి చదవడం మొదలుపెట్టాను. వాడుక ప్రకారం 'నేను' అంటూనే. "పైడిరాజు అనే నేను, ఎవరి బలవంతమూ లేకుండా చెప్పునదేమనగా..." రెండో పేజీ సగానికి వచ్చేసరికి తల ఎత్తాడు.

"బాబూ, ఇయి ఎవల మాటలు?"

"నీవి అని ఇక్కడ రాసి ఉంది."

"నానిలాగ సెప్పలేదు. పొడి ఎక్కడిదన్నారు, నాకు తెల్దన్నాను. మల్లా అడిగినారు, తెల్దన్నాను. మల్లా..." అక్కడ ఆగి గంఛాలోంచి చేతులు బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. ఏ వేలికి ఆ వేలు ఉబ్బి నల్లబడి ఉంది. ఫిట్టరు చేతులు అవి.

అతను అన్న ప్రతి ముక్కా ఇన్‌స్పెక్టరుకు ఇంగ్లీషులో చెప్పాను. "అది నాకు అక్కర్లేదు," అన్నాడు ఆయన. "చదవమన్నావు, చదివావు. సంతకం పెట్టు."

కలం తీశాను. 'సరిగా ఉన్నాయని ఒప్పుకున్నాడు' అన్న ముక్కను అడ్డగీతతో కొట్టేసి, పక్కన రాశాను: 'ఒప్పుకోలేదు. ఇవి తన మాటలు కావన్నాడు. రెండు చేతుల వేళ్లూ వాచి ఉన్నాయి, నేను చూశాను.' సంతకం, తేదీ, టైము.

ఆయన చదివాడు. మర్యాద పోయింది. "నువ్వు వాళ్ల మనిషివా?"

"నేను రైల్వే గుమాస్తాని సార్. జరిగింది రాశాను."

"మొన్న మైదానంలో మైకు పట్టుకుని, నోరు తెరిపించాలి అని తెలుగులో అరిచింది ఎవరు? మీ అమ్మమ్మా? ఊరంతా విన్నది. ఈ రోజు పెద్దమనిషివైపోయావా?"

బెదిరింపుకు భయపడ్డాను గానీ తట్టుకున్నాను. ఈ మాటకు మాత్రం దెబ్బ తిన్నాను. అది నిజం గనక.

ఆఫీసుకు తిరిగొచ్చి చేసిన మొదటి పని డ్యూటీ రిపోర్టు రాయడం. రైల్వే ఉద్యోగి బయటి పనికి వెళ్లి వస్తే ఏం చేశాడో రాసి ఇవ్వాలి, అది రూలు. ఠాణాలో సర్టిఫికెట్‌లో రాసిన మాటలు మాటకు మాట అందులో ఎక్కించాను. ఠాణాలో కాగితం చినిగిపోతే చినిగిపోనీ, మా ఫైల్లో ఉంటుంది. మా హెడ్ క్లర్కు బడబాబు కళ్లజోడు పైకి తోసుకుని రెండుసార్లు చదివాడు.

"దానియేల్, నిజంగా దీన్ని ఫైల్లో పెట్టమంటావా?"

"జరిగింది అదే బడబాబూ."

"అయితే నంబరు వేసేస్తాను. నంబరు పడ్డ కాగితాన్ని మింగాలంటే రైల్వే బోర్డు దిగిరావాలి." డబ్ మని స్టాంపు కొట్టాడు. ఆ చప్పుడు నాకు ఆమెన్ అన్నట్టు వినిపించింది.

నాలుగు రోజుల్లో ట్రాఫిక్ మైదానంలో శాంతి సభ అన్నారు. బొడ్‌దా వస్తున్నాడు. సభకు ముందురోజు మధ్యాహ్నం నన్ను రెస్ట్‌హౌస్‌కు పిలిపించాడు. బ్రీఫింగ్ అంటాం దీన్ని. మాట్లాడేవాడు తాను చెప్పబోయే సంగతులు ఇంటర్‌ప్రెటర్‌కు ముందే చెప్పడం. వరసగా చెప్పుకుంటూ వచ్చి అన్నాడు: "ఈ కాలనీ మనిషే ఒకడు పట్టుబడ్డాడని, నేరం ఒప్పుకున్నాడని చెబుతాను. మీ దానియేల్ బాబే చదివి వినిపించాడంటాను. నీ పేరు చెబితే మీవాళ్లు నమ్ముతారు."

"చదివి వినిపించాను బొడ్‌దా. ఒప్పుకోలేదు."

"ఇన్‌స్పెక్టరు అలా చెప్పలేదే."

"సర్టిఫికెట్ చూడండి."

ఆయన సిగరెట్టు వెలిగించాడు. ఇంటర్‌ప్రెటర్‌కు ఒక అలవాటు ఉంటుంది. నోటితో మోసిన మాట తొందరగా మరవడు. ఐదేళ్ల కిందట ఆయన చెప్పినదాన్ని ఆయన బెంగాలీలోనే, ఆయన ఆగిన చోటల్లా ఆగుతూ, 'నన్ను బల్లకు కట్టేశారు' దగ్గర నుంచి 'ఎంత పెద్ద నేరమైనా చాలదు' వరకూ అప్పజెప్పాను.

బొడ్‌దా సిగరెట్టు ఆర్పాడు. "అప్పుడు నేను లోపల ఉన్నాను దానియేల్ బాబు. ఇప్పుడు బయట ఉన్నాను. బయట ఉన్నవాడు ఊరిని కాపాడాలి. ఆ రిక్షావాడి కళ్లు ఎవరు తెచ్చిస్తారు?"

"ఎవరూ తేలేరు. పైడిరాజు వేళ్లు విరిచినా అవి తిరిగి రావు."

"నీ పని తర్జుమా. వాదన కాదు."

"నిజమే. రేపు మీరు ఏమంటే అది చెబుతాను. ఒక్కటే విన్నపం. కింద నుంచి ఎవరైనా లేచి అడిగితే, దాన్నీ మీకు అలాగే చెప్పనివ్వండి."

ఆయన పెద్దగా నవ్వాడు. "మీవాళ్లా? నన్ను అడగడమా? ఇన్నేళ్లలో ఒక్కడు లేచి నిలబడ్డాడా? ఠీక్ ఆఛే, సరే, చెప్పుకో."

సాయంత్రం పాస్టరుగారూ నేనూ అప్పలమ్మ ఇంటికి వెళ్లాం. ఠాణాలో నేను చూసింది ఆవిడకు చెప్పాను. ఆవిడ మా సంఘం మనిషి కాదు, పైడితల్లమ్మ భక్తురాలు. అయినా మా ఆడవాళ్ల ప్రార్థనలకు వచ్చి వెనక వరసలో కూర్చునేది. చర్చిలో సాక్ష్యం చెప్పేవాళ్లు లేచి నిలబడి తమకు జరిగింది చెప్పడం ఆవిడ చూసింది. "రేపు అలాగే లేవండి," అన్నాను.

"నాకు మాటలొస్తాయేటి బాబూ? ఏటి సెప్పమంటావు?"

"అది నేను చెప్పకూడదమ్మా. మీకు అడగాల్సింది మీరు అడగండి. ఆయన చెవిలో పడేయడం నా పని."

పాస్టరుగారు ఆవిడ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. ఆవిడ అమ్మవారి పటానికి కూడా దణ్ణం పెట్టుకుంది.

మర్నాడు సాయంత్రం వాన వెలిసింది. మైదానం నిండిపోయింది. వెనక బెంగాలీ కుర్రాళ్లు, ముందు మావాళ్లు. బొడ్‌దా చెబుతూ చెబుతూ ఆ చోటికి వచ్చాడు. "ఇక్కడి మనిషే ఒకడు పట్టుబడ్డాడు. నేరం ఒప్పుకున్నాడు." నా పేరు మాత్రం ఎత్తలేదు. ఆ రెండు వాక్యాలూ తెలుగులో చెప్పాను. చెప్పకతప్పదు. జనం గొణిగారు. మూడో వరసలో తెల్లచీర ఒకటి పైకి లేచింది.

"బాబూ, నాను ముసల్దాన్ని. ఒక మాట అడుగుతాను."

నేను మైకు దగ్గరికి జరిగి, రూలు ప్రకారం బెంగాలీలో అన్నాను: "బాబూ, నేను ముసలిదాన్ని. ఒక మాట అడుగుతాను." మీసాలున్న మనిషి అలా అనేసరికి వెనక కుర్రాళ్లు ఘొల్లుమన్నారు. ఎవడో "ఓ ఠాకూమా!" అని అరిచాడు. నాయనమ్మా అని. నేను ఆగలేదు.

"పైడిరాజు నా మనవడు," అంది. నా మనవడు, అన్నాను. "ఆడు తప్పు సేస్తే కోర్టులో నిలబెట్టండి, జైల్లో ఎట్టండి, నానేటీ అనను. కట్టేసి సేతులు ఎందుకు ఇరగ్గొట్టినారు? ఆనాడు నిన్ను కట్టేసి కొట్టినారంటే ఈ మైదానంలోనే కూకుని ఏడ్సినాను. నీ ఏడుపు నాకు అర్థమైంది గదా, నా ఏడుపు నీకు అర్థం కాదేటి?"

దాన్ని చెప్పడం పూర్తయ్యేసరికి వెనక నవ్వు లేదు. ఠాకూమా అని అరిచినవాడు తలమీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఇంకొకటి," అంది అప్పలమ్మ. "ఒప్పుకున్నాడంటన్నావు. నీ సెవులతో ఇన్నావా?"

బొడ్‌దా జనం వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు, చివరికి నా వైపు తిరిగాడు. మైకులోనే అడిగాడు. "దానియేల్ బాబు, విన్నది నువ్వు. ఒప్పుకున్నాడా?"

ఇరవై ఏళ్లకు పైగా ఆ పని చేశాను. వేదిక మీద నిలబెట్టి నన్ను నన్నుగా అడిగింది అదే మొదటిసారి. దేవుణ్ణి తలుచుకుని మైకు పట్టుకున్నాను.

"చదివి వినిపించాను. ఒప్పుకోలేదు." ముందు బెంగాలీలో, తర్వాత తెలుగులో.

బొడ్‌దా మైకును తన వైపు తిప్పుకున్నాడు. ఆ తర్వాత నెమ్మదిగా మొదలుపెట్టాడు. "ఐదేళ్ల కిందట ఇక్కడ ఒక మాట చెప్పాను. మొన్న ఇంకొకటి చెప్పాను. మొన్నటిది భయంలో చెప్పాను. మొదటిది నా ఒంటితో తెలుసుకుని చెప్పాను. ఆ మొదటి మాటే నా మాట. రేపు పొద్దున డాక్టరు లోపలికి వెళ్తాడు. మనిషిని మేజిస్ట్రేటు ముందు పెడతారు. అది నేను చూస్తాను."

అది తెలుగులోకి ఎలా తెచ్చానో నాకే తెలియదు. నేను చివరి మాట అనక ముందే ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. మా సంఘం వాళ్లు హల్లెలూయ అన్నారు, పక్కన ఉన్నవాళ్లు సింహాద్రి అప్పన్నకు జై కొట్టారు, వెనక బెంగాలీ కుర్రాళ్లు ఎందుకో తెలియకుండానే ఈలలు వేశారు.

జీపు ఎక్కబోతూ బొడ్‌దా నా భుజం పట్టుకున్నాడు. "నన్ను ఇరికించావు."

"నేను ఒక్క మాట కూడా కలపలేదు బొడ్‌దా."

"ఇరికించడమంటే అదే." నవ్వాడో మూలిగాడో చెప్పలేను.

డాక్టరు వెళ్లాడు. మేజిస్ట్రేటు ముందుకు కాగితాలు చేరినప్పుడు నా అడ్డగీత ఉన్న సర్టిఫికెట్ కూడా చేరింది. మా సెక్షన్‌లో నంబరు పడిన నకలు ఉందని తెలిసి దాన్ని ఎవరూ మింగలేకపోయారు. డిటెన్షన్ ఆర్డరు పడలేదు. పైడిరాజుకు బెయిలు వచ్చింది. ఆ ఏడాది తిరిగేలోగా అతని మీద కేసే ఎత్తేశారు. రెండు వేళ్లు మాత్రం పూర్తిగా వంగేవి కావు. వర్క్‌షాపులో టూల్స్ ఇచ్చే కౌంటర్లో తేలిక డ్యూటీ ఇచ్చారు. అతను మళ్లీ గేటులోకి నడిచిన రోజున షిఫ్టు దిగేవాళ్లు ఇళ్లకు పోకుండా ఇరువైపులా నిలబడ్డారు. అప్పలమ్మ గేటు దాకా వచ్చి, "సూడండ్రా, నా గుంటడు," అని ఎరిగినవాళ్లకీ ఎరగనివాళ్లకీ చెప్పింది.

నిజం దాచకూడదు గనక బొడ్‌దా సంగతి కూడా రాస్తాను. ఆరు నెలలు కాకముందే వేరే ఊళ్లో ఆయన మళ్లీ నోరు తెరిపించే మాటలే మాట్లాడాడని పేపర్లో చూశాను. ఎమర్జెన్సీలో ఏమీ మాట్లాడలేదు. 1977లో ఓడిపోయాక చిత్రహింసలకు వ్యతిరేకంగా ఊరూరా సభలు పెట్టాడు. ఆ రోజు మా మైదానంలో ఆయన మారింది సిగ్గుతోనా, ఎదురుగా ఉన్న జనాన్ని చూసా అని నన్ను చాలామంది అడిగారు. హృదయాలను చూసే పని నాది కాదు, దానికి ఒకాయన ఉన్నాడు. నాయకుడి మనసు ఎటు తిరిగినా, ఆ ఒక్క సాయంత్రం అడగవలసిన మాట ఆయన చెవికి చేరింది. ఒక మనిషి ఇంటికి వచ్చాడు. నాకు అది చాలు.

ఆ కేసు నాకు నేర్పింది నా పని గురించే. అంతవరకూ నేను నమ్మకస్థుణ్ణని గర్వపడేవాణ్ణి. నిజమే, పైనుంచి వచ్చిన ప్రతి మాటనూ తూచా తప్పకుండా కిందికి మోశాను. కింద నుంచి పైకి ఎన్ని మోశానని చూసుకుంటే, అడిగిన ప్రశ్నకు జవాబు తప్ప ఏమీ లేదు. వాళ్లు అడగలేదు నిజమే, అడగవచ్చని నేనూ ఎప్పుడూ చెప్పలేదు.

అందుకని ఆ తర్వాత ఏ ఎంక్వయిరీలో కూర్చున్నా, ఆఫీసరు మొదటి ప్రశ్న వేయకముందే తెలుగులో అడిగేవాణ్ణి, "నువ్వు అడగాల్సింది ఏమైనా ఉందా?" అని. ఉంటే దాన్ని మొదట రికార్డు చేయించేవాణ్ణి. ఆఫీసర్లు విసుక్కున్నారు. అలా అడిగిన మొదటి ఎంక్వయిరీలో, లైను మీద పనిచేసే ముసలి గ్యాంగ్‌మన్ ఒకడు నన్నూ ఆఫీసర్నీ మార్చి మార్చి చూసి, "నన్నెందుకు పిలిసినారో ముందు సెప్పండి బాబూ," అన్నాడు. ఆఫీసరుకు చెప్పాను. ఆయన ఫైలు తిరగేశాడు, మళ్లీ తిరగేశాడు. అతని మీద ఉన్న ఆరోపణ ఏమిటో రాసి ఇవ్వాల్సిన చార్జిషీటు అసలు ఎవరూ అతనికి ఇవ్వనే లేదు. పది నిమిషాల్లో ఎంక్వయిరీ మూసేశారు. గ్యాంగ్‌మన్ తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "ఇంతేనేటి?" అని నవ్వుతూ తన లైను మీదికి పోయాడు.